కొత్త ఎస్ఎంపీఎస్ పెట్టినా లేవని కంప్యూటర్: అంబాజీపేట కొట్టు ప్రాజెక్టు డైరీ

యంత్రం, ఫిర్యాదు

అంబాజీపేటలో ఒక కొబ్బరి కమీషన్ కొట్టు. ఖాతాలు, జీఎస్టీ బిల్లులు, లారీ లోడు లెక్కలు అన్నీ ఒకే డెస్క్‌టాప్ మీద. ఇంటెల్ ఐ5-4460, హెచ్81 చిప్‌సెట్ బోర్డు, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్, విండోస్ ఉన్న 240 జీబీ ఎస్ఎస్‌డీ, పాత సంవత్సరాల ఖాతాలున్న 1 టీబీ హార్డ్‌డిస్క్, ఎప్పుడో తప్ప వాడని డీవీడీ రైటరు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు.

కొన్నాళ్ళుగా దానంతటదే రీస్టార్ట్ అవుతూ వచ్చి, చివరికి ఆన్ అవడం మానేసింది. ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే పవర్ సప్లై) పోయిందనుకుని కొత్త 450 వాట్లది తెచ్చి బిగించారు. ఇప్పుడు బటన్ నొక్కితే ప్రాసెసర్ ఫ్యాను అర చుట్టు తిరిగి ఆగిపోతుంది, అంతే. "కొత్తది కూడా డెడ్డేనండీ, ఆయ్" అన్నది కొట్టువాళ్ళ తీర్పు.

ఆ అర చుట్టే ఇక్కడ అసలు ఆధారం. చచ్చిన సప్లై ఫ్యానును అర చుట్టు కూడా తిప్పదు. అర చుట్టు తిరిగిందంటే సప్లై లేచింది, 12 వోల్టులు బయటికొచ్చాయి, ఆ వెంటనే ఏదో నచ్చక తనంతట తానే కట్టేసుకుంది. ఫ్యాను అసలు కదలకపోతే స్టాండ్‌బై 5 వోల్టుల దగ్గర (కంప్యూటర్ ఆగి ఉన్నా వస్తూ ఉండేది) వెతకాలి. తిరుగుతూనే ఉండి తెర నల్లగా ఉంటే ప్రాసెసర్ పవర్ కనెక్టరు, ర్యామ్, పవర్ గుడ్ సిగ్నల్ (వోల్టేజీలు కుదిరాయని సప్లై బోర్డుకి చెప్పే సంకేతం) చూడాలి. తిరిగి ఆగితే ముందు షార్ట్ కోసమే వెతకాలి. ఈ మూడూ వేర్వేరు జబ్బులు. మూడింటికీ ఒకటే మందని ఎస్ఎంపీఎస్ మార్చేయడం వల్లే చాలా కొత్త సప్లైలు పనిచేస్తూనే వాపసు పోతున్నాయి.

సాకెట్ దగ్గర

మీటరు ఏసీ 600 వోల్టుల రేంజిలో. ఫేజు-న్యూట్రల్ 226 వోల్టులు, బాగుంది. ఫేజు-ఎర్తు 71, న్యూట్రల్-ఎర్తు 48. ఎర్తు నిజంగా కలిసి ఉంటే ఫేజు-ఎర్తు కూడా 226కి దగ్గరగా రావాలి, న్యూట్రల్-ఎర్తు రెండు మూడు వోల్టులు దాటకూడదు. ఈ అంకెలు గాలిలో వేలాడే వైరువి. బోర్డు విప్పి చూస్తే మూడో పిన్నుకి వైరు ఉంది, అవతలి కొస ఎక్కడా తగల్లేదు.

ఎర్తు లేని చోట క్యాబినెట్‌ని ముట్టుకుంటే సన్నగా జిల్లుమంటుంది. ఇన్‌పుట్ ఫిల్టర్‌లో ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి బాడీకి చెరొక చిన్న కెపాసిటర్ ఉంటుంది. ఎర్తు లేకపోతే ఆ రెండూ కలిసి బాడీని మెయిన్స్‌లో సగానికి, అంటే 115 వోల్టుల చుట్టూ తేల్చేస్తాయి. కరెంటు చాలా తక్కువ కాబట్టి మనిషిని ఏమీ చేయదు. ప్రింటర్ కేబులో మానిటర్ కేబులో గుచ్చే క్షణంలో పోర్టుని మాత్రం కాల్చగలదు. కోనసీమలో రెండు మూడు గజాలు తవ్వితే నీరు పడుతుంది కనుక ఎర్తు పిట్ బాగానే పనిచేస్తుంది. పైపు తుప్పు మాత్రం ఉప్పు నేలల్లో త్వరగా పడుతుంది. ఈ పనిని ఎలక్ట్రీషియన్‌కి రాసిపెట్టాం. కంప్యూటర్ ఆన్ కాకపోవడానికి ఇది కారణం కాదు.

సప్లై వెనక 115/230 ఎరుపు స్విచ్చు ఉందేమో చూశాం. కొత్తదానికి లేదు, 100 నుంచి 240 దాకా తనే సర్దుకునే రకం. పాతదానికి ఉంది, 230 మీదే ఉంది. అలాంటి స్విచ్చును 115 మీద ఉంచి మన కరెంటుకి పెడితే లోపలి 200 వోల్టుల కెపాసిటర్లు రెండింటి మీదా చెరో 325 వోల్టులు పడతాయి. పెద్ద చప్పుడుతో పేలతాయి. క్యాబినెట్ తుడిచేటప్పుడు ఆ స్విచ్చు జరగకుండా టేపు వేసి ఉంచడం మేలు.

సప్లై ఒక్కదాన్నే బల్ల మీద

అన్ని కనెక్టర్లూ పీకి, నాలుగు స్క్రూలూ విప్పి కొత్త సప్లైని బయట పెట్టాం. క్యాబినెట్‌లోనే ఉంచి చూడొచ్చు గానీ, ఏదో ఒక కేబుల్ మర్చిపోయి గుచ్చే ఉంటుంది, పరీక్ష అంతా పాడవుతుంది.

కొత్త సప్లైలలో వైర్లన్నీ నల్లగానే వస్తున్నాయి. రంగు చూసి పిన్ను పట్టే రోజులు పోయాయి. బోర్డుకి వెళ్ళే పెద్ద కనెక్టరులోని 24 పిన్నుల్లో 9వది స్టాండ్‌బై 5 వోల్టులు, పాత లెక్కలో ఊదా వైరు. 16వది ఆన్ చేసే పిన్ను, పాత లెక్కలో ఆకుపచ్చ. స్విచ్చు వేసి సప్లై ఇంకా నిద్రలో ఉండగా మీటరు పెడితే వోల్టేజీ కనిపించేది ఈ రెండింటి మీదే. మిగతావన్నీ సున్నా. మనకొచ్చినవి: 9 మీద 5.07, 16 మీద 4.4 వోల్టులు. స్టాండ్‌బై ఆరోగ్యంగా ఉంది.

ఆన్ చేయడానికి పేపర్ క్లిప్ వంచి ఆకుపచ్చకి, నలుపుకి గుచ్చడం అందరూ చేసేదే. దానికి బదులు 100 ఓంల పావు వాటు రెసిస్టరు వాడాం. సరైన పిన్నులో పెడితే సప్లై లేస్తుంది. పొరపాటున ఊదాలో పెట్టినా 50 మిల్లీ ఆంపులు దాటదు, రెసిస్టరు కాస్త వేడెక్కుతుంది, నిప్పు రవ్వ రాదు. నల్ల వైర్ల కాలంలో ఈ చవక ముక్క పేపర్ క్లిప్ కంటే నయం.

ఖాళీగా వచ్చిన రీడింగులు: 12 వోల్టుల లైను 12.11, 5 వోల్టులది 5.04, 3.3 లైను 3.35, మైనస్ 12 లైను మైనస్ 11.8. 8వ పిన్ను, అంటే పవర్ గుడ్, 4.9 వోల్టులు. కంప్యూటర్ సప్లైల ఏటీఎక్స్ ప్రమాణంలో మొదటి మూడింటికీ 5 శాతం అటూ ఇటూ చెల్లు: 11.40 నుంచి 12.60, 4.75 నుంచి 5.25, 3.14 నుంచి 3.47. మైనస్ 12కి 10 శాతం. అన్నీ లోపలే ఉన్నాయి.

ఇక్కడ ఆగి "సప్లై మంచిదే" అనేస్తే తొందరపాటు. ఖాళీగా సరైన వోల్టేజీ చూపించి, రెండు ఆంపులు లాగగానే కూలిపోయే సప్లైలు బోలెడు.

బల్బులతో లోడు

అమలాపురం ఆటో స్పేర్‌పార్టుల షాపులో దొరికే 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బులు నాలుగు, హోల్డర్లతో సహా. ఒక్కోటి 1.75 ఆంపులు లాగుతుంది, నాలుగూ కలిసి 7 ఆంపులు, 84 వాట్లు. ఐ5-4460 గరిష్ఠ వేడి లెక్క కూడా 84 వాట్లే కావడంతో లోడు చక్కగా సరిపోయింది. 5 వోల్టులకి 1 ఓం, 50 వాట్ల అల్యూమినియం ఒంటి రెసిస్టరు, హీట్‌సింక్‌కి బిగించి. 5 ఆంపులు, 25 వాట్లు. చేత్తో పట్టుకుంటే చర్మం అంటుకుంటుంది. రెండూ పాత నాలుగు పిన్నుల పెరిఫెరల్ కనెక్టర్ నుంచే తీసుకోవచ్చు: పాత రంగుల లెక్కలో పసుపు 12, ఎరుపు 5, మధ్యవి రెండూ గ్రౌండు.

కారు హెడ్‌లైట్ బల్బు ఒక్కటి పెడితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. చల్లగా ఉన్న ఫిలమెంట్ రెసిస్టెన్స్ వేడిమీద ఉన్నదానిలో పదో వంతు ఉంటుంది. వెలిగే క్షణంలో 5 ఆంపుల బల్బు 50 ఆంపులు అడుగుతుంది, మంచి సప్లై కూడా ట్రిప్ అవుతుంది, దాన్ని చెడ్డదని పక్కన పెట్టేస్తాం. చిన్న బల్బుల్ని ఒక్కొక్కటే కలపాలి.

నాలుగు బల్బులూ, రెసిస్టరూ పెట్టి పావుగంట ఉంచాం. 12 లైను 11.98, 5 లైను 5.00, 3.3 లైను 3.34. బల్బు ఒకటి తీసి పెడుతుంటే అంకెలు కదల్లేదు. ఫ్యాను తిరుగుతోంది, వాసన లేదు. కొత్త సప్లైకి ఈ పనిలో సర్టిఫికెట్ ఇచ్చేశాం. లోపం కంప్యూటర్ వైపు ఉంది.

విడదీసి చూడటం

ముందు ఒక జాగ్రత్త. ఇది తెలియకే చాలామంది ఇక్కడ దారి తప్పుతారు. షార్ట్ చూసి కట్టేసుకున్న సప్లై చాలావాటిలో లాచ్ అవుతుంది. షార్ట్ తీసేశాక కూడా, మెయిన్స్ స్విచ్చు తీసి లోపలి కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఆగితే గానీ మళ్ళీ లేవదు. ఆ ఆగడం లేకుండా వరసగా ఒక్కో భాగం పీకి బటన్ నొక్కుతూ పోతే, అసలు దోషి బయట ఉన్నప్పుడు కూడా సప్లై లేవదు. తర్వాత ఎప్పుడో తనంతట తాను లేస్తే, ఆ క్షణంలో చేతిలో ఉన్న అమాయకపు ర్యామ్ స్టిక్ మీద నింద పడుతుంది. కాబట్టి ప్రతి మార్పుకీ స్విచ్చు ఆఫ్, కనీసం అర నిమిషం విరామం, 9వ పిన్ను మళ్ళీ 5 వోల్టులు చూపిందా అన్న తనిఖీ, ఆ తర్వాతే బటన్.

కరెంటు పెట్టకముందే ఓం మీటరుతో బోర్డు చూశాం. ప్రోబులు రెండూ ఒకదానికొకటి తాకిస్తే 0.3 ఓం, అది మీటరు సొంత లెక్క. బోర్డు 24 పిన్నుల సాకెట్‌లో 12 లైను నుంచి గ్రౌండుకి మొదలు కొన్ని ఓంలు చూపి, కెపాసిటర్లు నిండుతూ కిలో ఓంల్లోకి ఎక్కింది. 5 లైను 180 ఓంలు, 3.3 లైను 260, స్టాండ్‌బై లైను కిలో ఓం పైన. ప్రాసెసర్ పక్కన నాలుగు పిన్నుల 12 వోల్టుల సాకెట్ కూడా కిలో ఓంల్లోనే. అది ఒకటి రెండు ఓంలు చూపి ఉంటే ప్రాసెసర్ వోల్టేజీ దింపే మాస్‌ఫెట్ (స్విచ్చులా పనిచేసే ట్రాన్సిస్టరు) పోయినట్టే, బోర్డు రిపేరు బల్ల ఎక్కాల్సిందే. అదే బోర్డు మీద ప్రాసెసర్ కాయిల్ దగ్గర కొలిస్తే రెండు మూడు ఓంలే వస్తాయి. అది మామూలే, షార్ట్ అని బెదిరిపోకూడదు.

బోర్డు, ప్రాసెసర్, ఒక ర్యామ్ స్టిక్, 24 పిన్నుల కేబులు, 4 పిన్నుల కేబులు. ఇంతే పెట్టి బటన్ నొక్కాం. లేచింది. తెర మీద బోర్డు పేరు వచ్చి, బూట్ డిస్క్ లేదని ఆగింది.

ఎస్ఎస్‌డీ పెట్టాం, విండోస్ వచ్చింది. డీవీడీ రైటరు పెట్టాం, లేచింది. హార్డ్‌డిస్క్ పవర్ గుచ్చాం. అర చుట్టు.

డేటా కేబుల్ తీసేసి పవర్ ఒక్కటే ఉంచినా అదే తంతు. అంటే సమస్య డిస్క్ లోపలి పవర్ లైనులో.

హార్డ్‌డిస్క్ మీద నల్ల ముక్క

సాటా పవర్ కనెక్టరులో 15 పిన్నులు. డేటా కనెక్టరు పక్క నుంచి లెక్కిస్తే మొదటి మూడూ 3.3 వోల్టులు, 7, 8, 9 పిన్నులు 5 వోల్టులు, దూరపు చివరనున్న 13, 14, 15 పిన్నులు 12 వోల్టులు. మధ్యలో గ్రౌండులు. డిస్క్ అంచున సన్న ప్రోబు పెట్టి కొలిస్తే 5 లైను కిలో ఓంల్లో ఉంది. 12 లైను 0.4 ఓం. ప్రోబులు అటూ ఇటూ మార్చినా 0.4.

కొత్త సప్లైని కట్టేయించింది ఇదే. ఎస్ఎస్‌డీకి ఏమీ కాకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది: రెండున్నర అంగుళాల ఎస్ఎస్‌డీ 5 వోల్టులతోనే బతుకుతుంది, 12 లైను జోలికి పోదు.

డిస్క్ కింది సర్క్యూట్ బోర్డు ఆరు నక్షత్రపు స్క్రూలతో ఉంది, దీనికి టీ6 టార్క్స్ బిట్ సరిపోయింది. బోర్డు తిరగేస్తే పవర్ కనెక్టరు దగ్గర రెండు చిన్న నల్ల దిమ్మెలు, ఒక కొసన గీతతో. ఇవి టీవీఎస్ డయోడ్లు, ఒకటి 5 లైనుకి, ఒకటి 12 లైనుకి. మామూలుగా ఇవి లైనుకీ గ్రౌండుకీ మధ్య ఊరికే కూర్చుంటాయి. వోల్టేజీ పరిమితి దాటి ఎగిస్తే దాన్ని గ్రౌండులోకి తోసి, వెనకున్న మోటారు చిప్పుని కాపాడతాయి. ఓర్చుకోలేనంత పడితే షార్ట్ అయి చచ్చిపోతాయి, అలా చస్తూ కూడా లైనుని కిందికి పట్టే ఉంచుతాయి. 12 లైను డయోడు రెండు కొసల మధ్య 0.3 ఓం. దాని నడినెత్తి మీద సూదిమొనంత బూడిద రంగు మచ్చ, భూతద్దం కింద పెంకు చిట్లినట్టు కనిపిస్తోంది.

రెండు సోల్డరింగ్ ఐరన్లతో రెండు కొసలూ ఒకేసారి వేడిచేసి ఎత్తేశాం. ఐరన్ ఒకటే ఉంటే కట్టర్‌తో డయోడుని మధ్యకి నలిపి తీసేయొచ్చు. ఐరన్‌తో ఒక కొసనే పట్టి లాగితే కింది రాగి గీత లేచిపోతుంది. తీశాక 12 లైను కొలిస్తే కెపాసిటరు నిండుతూ కిలో ఓంల్లోకి పోయింది. అంటే మోటారు చిప్పు బతికే ఉంది. డయోడు తీశాక కూడా ఒకటి రెండు ఓంలే ఉండి ఉంటే చిప్పు కూడా పోయినట్టు, ఇంక కరెంటు పెట్టకుండా డేటా రికవరీ వాళ్ళకి పంపడమే. అదే మోడల్ ఇంకో డిస్క్ బోర్డు తెచ్చి మార్చేద్దామని చూస్తారు కొందరు. ఈ కాలపు డిస్కుల్లో ఆ డిస్క్‌కి మాత్రమే సరిపడే సర్దుబాటు అంకెలు బోర్డు మీది చిన్న మెమరీ చిప్పులో ఉంటాయి. అది మార్చకుండా బోర్డు మారిస్తే డిస్క్ తిరుగుతుంది గానీ డేటా ఇవ్వదు.

డయోడు లేని డిస్క్‌కి కాపలా లేదు. అందుకే 11.98 చూపిన కొత్త సప్లైతోనే లేపాం. తిరిగింది, బయోస్‌లో పేరు వచ్చింది. లినక్స్ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి ముందు ఖాతాల ఫోల్డరు వేరే చోటికి, తర్వాత డీడీరెస్క్యూతో (పాడైన డిస్కుల్ని కాపీ చేసే ప్రోగ్రాము) డిస్క్ మొత్తం కొత్త 1 టీబీ దానికి, లాగ్ ఫైలు పెట్టుకుని. సెకనుకి 100 మెగాబైట్ల వేగానికి మూడు గంటలు. చదవలేని సెక్టారు ఒక్కటీ రాలేదు. పాత డిస్క్ మీద "టీవీఎస్ తీసేసింది, వాడొద్దు" అని స్టిక్కరు.

పాత సప్లై సంగతి

ఇప్పుడు తేలాల్సింది ఒకటుంది. పాత సప్లై చచ్చిందనే కదా కొత్తది తెచ్చారు? డిస్క్ షార్ట్‌గా ఉంటే ఏ సప్లై అయినా లేవదు. మరి పాతది నిజంగా పోయిందా, డిస్క్ వల్ల పోయినట్టు కనిపించిందా?

బల్ల మీద పెడితే లేచింది.

అలాగని మంచిది కాదు. ఒక్క బల్బు, 5 లైను మీద 1 ఓం రెసిస్టరు పెట్టినప్పుడు 5 లైను 4.66కి పడింది, 12 లైను 13.7కి ఎక్కింది. ఈ విచిత్రం వెనక ఒక పద్ధతి ఉంది. ఇలాంటి చవక సప్లైలలో 5, 12 లైన్లకి విడివిడిగా రెగ్యులేషన్ ఉండదు. ఒకే ట్రాన్స్‌ఫార్మరు, ఒకే కంట్రోల్ చిప్పు, ఆ చిప్పు రెండు లైన్లనీ కలిపి చూసి సగటు సర్దుతుంది. 5 లైను కెపాసిటర్లు ఎండిపోయి ఆ లైను కిందికి జారితే, చిప్పు దాన్ని లేపడానికి మొత్తాన్ని పైకి నెడుతుంది. 5 సగమే లేస్తుంది, 12 అనవసరంగా ఎగుస్తుంది.

13.7 దగ్గర ఎందుకు కట్టేసుకోలేదు? ప్రమాణం ప్రకారం 12 లైను అధిక వోల్టేజీ రక్షణ 13.4 నుంచి 15.6 లోపల ఎక్కడైనా పనిచేయొచ్చు. ఈ సప్లై పై అంచుకి దగ్గరది. డిస్కుల్లో 12 లైనుకి వాడే ఎస్ఎంబీజే12ఏ తరహా టీవీఎస్ మాత్రం 13.3 నుంచి 14.7 మధ్య కరెంటు మోయడం మొదలెడుతుంది. మైక్రోసెకన్లలో వచ్చి పోయే దెబ్బలకి చేసిన ముక్క అది. రోజుకి పది గంటలు 13.7 మీద ఉంచితే నెమ్మదిగా ఉడికి షార్ట్ అవుతుంది. మొదట్లో వచ్చిన రీస్టార్ట్‌లు 5 లైను పడిపోవడం వల్ల, చివర్లో ఆన్ కాకపోవడం డయోడు వల్ల. సప్లై మార్చడం సరైన పనే. దాని వల్ల పోయిన ముక్కను వెతక్కుండా ఆపేయడం దగ్గర పని ఆగింది.

మూత తీసే ముందు మెయిన్స్ ప్లగ్గు పీకి, పెద్ద కెపాసిటర్ల మీద 230 వోల్టుల 15 వాట్ల బల్బు కలిపి ఖాళీ చేసి, మీటరు 5 వోల్టుల లోపు చూపాకే చెయ్యి పెట్టాం. లోపల 300 వోల్టులు దాటి డీసీ నిలవ ఉంటుంది. ఇది తెలియనివాళ్ళు మూత తీయకపోవడమే మంచిది. ఫ్యాను రెక్కల మీద, ట్రాన్స్‌ఫార్మరు చుట్టూ కొబ్బరి పీచు దుమ్ము మెత్తగా పరుచుకుని ఉంది. ఫ్యాను వేలితో తిప్పితే పావు చుట్టుకి ఆగింది. పీచు పొడి సముద్రపు గాలిలో తేమని పట్టి ఉంచుతుంది. హీట్‌సింక్ రెక్కల మధ్య చిలుం కూడా పట్టింది. 5 లైను కెపాసిటర్లు, 10 వోల్టుల 2200 మైక్రోఫారడ్‌లవి రెండూ నెత్తి ఉబ్బి, ఒకటి గోధుమ రంగు ముద్ద కక్కింది.

కెపాసిటర్లు, ఫ్యాను మార్చి దీన్ని బతికించొచ్చు. కానీ లేబుల్ మీద 450 అని ఉన్నా 12 లైను పక్కన రాసింది 16 ఆంపులు, అంటే 192 వాట్లు. కొత్తదాని మీద 35 ఆంపులు, 420 వాట్లు. ఈ రెండో రకంలో 12 ఒక్కటే ట్రాన్స్‌ఫార్మరు నుంచి వస్తుంది, 5, 3.3 దాని నుంచి విడి డీసీ కన్వర్టర్లతో తయారవుతాయి, ఒకదాని లోడు ఇంకొకదాన్ని ఎగరేయదు. కొనేటప్పుడు పెద్ద అక్షరాల వాట్లు వదిలేసి ఈ ఆంపుల గడి చదవాలి. పాతదాన్ని స్క్రాపుకి పంపేశాం.

బిగింపు

కొత్త సప్లై మళ్ళీ క్యాబినెట్‌లోకి. సప్లైకి ముతక మరల స్క్రూలు, ఎస్ఎస్‌డీకి సన్న మరల ఎం3 స్క్రూలు. కలిపేస్తే ఎస్ఎస్‌డీ మరలు పోతాయి. 24 పిన్నుల సాకెట్ కాంటాక్టులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కనెక్టరు కొక్కెం టిక్కుమనే దాకా నొక్కాం. ప్రాసెసర్ కనెక్టరు 4+4గా వస్తుంది, ఈ బోర్డుకి సగం చాలు. గ్రాఫిక్స్ కార్డు కనెక్టరు 6+2 చూడటానికి అలాగే ఉంటుంది గానీ 12, గ్రౌండు వైపులు తారుమారు. బలవంతంగా నొక్కితే తప్ప ఎక్కదు, ఎక్కకపోతే నొక్కకూడదు. ఈ సప్లైకి కేబుళ్ళు విడిగా ఊడి రావు. ఊడి వచ్చే రకమైతే పాత సప్లై కేబుళ్ళని కొత్తదానికి ఎట్టి పరిస్థితిలోనూ గుచ్చకూడదు. సప్లై వైపు పిన్నుల వరసకి ఏ ప్రమాణమూ లేదు, 5 రావాల్సిన చోట 12 వస్తే డిస్కులన్నీ ఒక్క దెబ్బకి పోతాయి.

ఇన్నాళ్ళూ ప్లగ్గు పీకి ఉంచడంతో బయోస్ తేదీ వెనక్కి పోయింది. సీఆర్2032 సెల్లు 2.5 వోల్టులు. కొత్తది వేశాం. తేదీ తప్పుంటే బిల్లుల సంగతి అటుంచి, జీఎస్టీ పోర్టల్ బ్రౌజర్‌లో తెరుచుకోదు.

ప్రాసెసర్ మీద పూర్తి భారం పెట్టి అరగంట: వాటేజీ మీటరులో 108 వాట్లు, పెరిఫెరల్ కనెక్టరు దగ్గర 12.01. తర్వాత ఖాళీగా వదిలేశాం. 2013లో వచ్చిన ఈ హాస్వెల్ తరం ప్రాసెసర్లు సీ6, సీ7 నిద్ర స్థితుల్లో 12 లైను నుంచి దాదాపు ఏమీ తీసుకోవు. అంత తక్కువ లోడుకి పాత తరహా సప్లైలు అదుపు తప్పి ఆగిపోయేవి, అప్పుడు బయోస్‌లో ఆ స్థితులు ఆపాల్సి వచ్చేది. దీనితో ఆ అవసరం పడలేదు, 37 వాట్ల దగ్గర కదలకుండా కూర్చుంది.

యూపీఎస్

కంప్యూటర్‌ని కొట్టులోని యూపీఎస్‌కి పెట్టి, మెయిన్స్ తీసి చూశాం. కంప్యూటర్ టక్కున ఆరిపోయింది. ఇక్కడ కూడా సప్లై మీదే అనుమానం వస్తుంది, ఎందుకంటే యాక్టివ్ పీఎఫ్‌సీ (మెయిన్స్ తరంగానికి తగ్గట్టు కరెంటు లాగే సర్క్యూట్) ఉన్న కొత్త సప్లైలకీ, బ్యాటరీ మీద చదరపు తరంగం ఇచ్చే చవక యూపీఎస్‌లకీ కొన్నిచోట్ల పొసగదు. సప్లై తీసేసి యూపీఎస్‌కి 100 వాట్ల మామూలు బల్బు పెట్టి మెయిన్స్ తీశాం. బల్బు కూడా ఆరిపోయింది. బల్బుకి పీఎఫ్‌సీ గొడవ లేదు.

లోపలి 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.8. బల్బు భారం పడగానే 9.6. 10.5 చుట్టూ యూపీఎస్ తానే కట్టేసుకుంటుంది. ఇక్కడి ఉక్కలో ఈ బ్యాటరీలు రెండు మూడేళ్ళకి మించి రావు. కొత్తది వేశాక బల్బు కొద్దిగా రెప్ప వేసి వెలుగుతూనే ఉంది, కంప్యూటర్ కూడా నిలబడింది. మెయిన్స్ నుంచి బ్యాటరీకి మారే పది మిల్లీసెకన్ల లోపు ఖాళీని సప్లైలోని పెద్ద కెపాసిటరే నెట్టుకొస్తుంది. పూర్తి లోడుకి కూడా పది మిల్లీసెకన్లకి మించి ఆగాలని ప్రమాణం, మన లోడు అందులో పావు వంతే.

కొట్టు జనరేటరు మీద మాత్రం ఈ యూపీఎస్ మెయిన్స్‌ని ఒప్పుకోకుండా బ్యాటరీ మీదే ఉండిపోతోంది. ఎండుకొబ్బరి ఆరబెట్టే ఫ్యాన్లు ఆన్ అయినప్పుడు జనరేటరు ఫ్రీక్వెన్సీ 47 హెర్ట్జ్‌కి జారుతోంది. గవర్నరు (ఇంజను వేగాన్ని అదుపు చేసేది) సర్దుబాటు జనరేటరు మెకానిక్ పని. అప్పటిదాకా జనరేటరు నడిచేటప్పుడు లోడు ఫ్యాన్లు ముందు వేసి, వేగం కుదిరాక కంప్యూటర్ ఆన్ చేయమని చెప్పాం.

మిగిలిన పనులు

ఎర్తు వైరు పిట్ దాకా లాగడం, లాగాక న్యూట్రల్-ఎర్తు మళ్ళీ కొలవడం. క్యాబినెట్‌ని నేల మీంచి తీసి అడుగున్నర ఎత్తు స్టాండు మీద, పీచు మిషను వైపు వీపు పెట్టకుండా ఉంచడం. మూడు నెలలకోసారి బ్లోవరు; ఊదేటప్పుడు సప్లై ఫ్యానుని పుల్లతో ఆపి పట్టుకోవాలి, లేకపోతే గాలికి గిర్రున తిరిగి బేరింగు అరుగుతుంది. క్యాబినెట్ తలుపు లోపలి వైపు రీడింగుల చీటీ అంటించాం: స్టాండ్‌బై 5.07, లోడు మీద 11.98, 5.00, 3.34. తర్వాత ఎవరు విప్పినా ఆ అంకెలతో పోల్చి చూసుకోవచ్చు.